లెక్క మన ఇంటి నుంచే మొదలు కావాలి

చొప్పదండిలో మా వద్ద ఉర్దూ, దీనియాత్ చదువుకొనే పిల్లల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. పోయిన చలికాలంలో ఒక శుక్రవారం అసర్ నమాజు తర్వాత ఆ అమ్మాయి చేతిలో నోటుబుక్కుతో మా ఇంటికి వచ్చింది. సలాం చేసి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఏమిటమ్మా అని అడిగితే, "మౌల్సాబ్, సైన్సు సారు ఒక పని ఇచ్చారు. అది రాస్తే అబ్బాకు కోపం వచ్చింది. నేను తప్పు రాశానేమో మీరు చూసి చెప్పండి" అన్నది.

నోటుబుక్కు మొదటి పుటలో పెద్ద అక్షరాలతో 'నా పర్యావరణ పాదముద్ర' అని ఉంది. లోపల గళ్ళు గీసి ఉన్నాయి. కరెంటు, గ్యాసు, పెట్రోలు, నీళ్ళు, అన్నం, ప్రయాణాలు అని ఒక్కొక్క గడికి ఒక్కొక్క పేరు. కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఉర్దూలో రాసి ఉన్నాయి. వ్యాపారి చిట్టా పద్దులాగా అంకెలు వరుసగా ఉన్నాయి. ఆ నోటుబుక్కు చదివినప్పుడు మాకు కలిగిన ఆలోచనలు, ఆ తర్వాత వారి ఇంట్లో జరిగిన సంగతి పాఠక కుటుంబాలతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పాదముద్ర అంటే ఏమిటి?

తడి నేల మీద నడిస్తే మన అడుగు జాడ పడుతుంది. అలాగే మనం తినే తిండి, కట్టే బట్ట, వాడే కరెంటు, పారవేసే చెత్త కూడా భూమి మీద జాడ వదులుతాయి. కెనడా దేశంలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్ 1990లలో ఈ జాడను కొలిచే పద్ధతిని రూపొందించారు. ఒక మనిషి బ్రతకడానికి కావలసినవన్నీ పండించడానికీ, అతని వల్ల పుట్టే వ్యర్థాలను ఇముడ్చుకోవడానికీ ఎంత నేల, ఎంత నీటి వనరు అవసరమో లెక్క కట్టడమే ఆ పద్ధతి. 1996లో వారిద్దరూ దీనిపై పుస్తకం ప్రచురించారు. తర్వాతి కాలంలో బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డై ఆక్సైడును, కిలోల్లో లెక్కించడం వాడుకలోకి వచ్చింది. ఆకాశంలో ఈ వాయువు పెరిగిన కొద్దీ భూమి వేడెక్కుతున్నది. ఎండాకాలంలో 45 డిగ్రీల సెగను ఓర్చుకొనే మన కరీంనగర్, రామగుండం ప్రజలకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అమ్మాయి రాసిన ఇంటి లెక్క

వారి ఇంట్లో అయిదుగురు. తండ్రి దర్జీ. తల్లి, పెళ్ళికి ఎదిగిన అక్క, ఈ అమ్మాయి, ఒక తమ్ముడు. నెలకు కరెంటు 90 యూనిట్లు కాలుతుందని బిల్లు చూసి రాసింది. మన దేశంలో బొగ్గు, నీరు, సూర్యరశ్మి, గాలి అన్నిటి నుంచీ వచ్చే కరెంటును కలిపి సగటు తీస్తే యూనిట్‌కు సుమారు 0.7 కిలోల వాయువు వెలువడుతుంది. అంటే నెలకు 63 కిలోలు. వంటగ్యాసు బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. అది పూర్తిగా మండితే సుమారు 42 కిలోల వాయువు వస్తుంది. వారి ఇంట్లో బండ నెలన్నర వస్తుంది కనుక నెలకు 28 కిలోలు. తండ్రి మోటారు సైకిలుకు నెలకు 15 లీటర్ల పెట్రోలు. లీటరుకు 2.3 కిలోల చొప్పున సుమారు 34 కిలోలు. అన్నీ కలిపి ఇంటికి నెలకు 125 కిలోలు. మనిషికి 25 కిలోలు, అంటే ఏడాదికి 300 కిలోలు.

ఇది చాలా చిన్న లెక్క. దీనిలో సిమెంటు, ఇనుము, ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, రోడ్లు లేవు. అవన్నీ కలిపి భారతీయుడి వాటా ఏడాదికి సగటున రెండు టన్నులు. ప్రపంచ సగటు నాలుగున్నర టన్నులు దాటింది. అమెరికా పౌరుడిది 14 టన్నుల దాకా ఉంది. పేదవాడి అడుగు జాడ చిన్నదే. దర్జీ ఇంటి బిడ్డ తన లెక్క చూసుకొని సిగ్గుపడవలసిన అవసరం ఏమీ లేదు.

మరి తండ్రికి కోపం దేనికి వచ్చింది? 'ప్రయాణాలు' అనే గడిలో ఆ అమ్మాయి దుబాయిలో ఉన్న చాచా రాకపోకలను కూడా రాసింది. ఆయన పంపే డబ్బు ఇంట్లో ఖర్చవుతున్నది కాబట్టి ఆయన ప్రయాణం కూడా తమ ఇంటి లెక్కలోదే అని ఆమె వాదన. హైదరాబాదు నుంచి దుబాయికి రానూ పోనూ సుమారు అయిదు వేల కిలోమీటర్లు. విమానంలో మనిషికి కిలోమీటరుకు వంద గ్రాములు అనుకుంటే అర టన్ను. అంటే ఇంటిల్లిపాది నాలుగు నెలల్లో వాడిన కరెంటు, గ్యాసు, పెట్రోలు అంతా కలిపి ఎంతో, చాచా ఒక్కసారి వచ్చి పోవడం అంత!

జరూరత్ వేరు, ఇస్రాఫ్ వేరు

మరునాడు ఆ అమ్మాయి తండ్రి స్వయంగా వచ్చారు. "మౌల్సాబ్, మా తమ్ముడు అక్కడ ఎండలో నెత్తురు చెమటగా మారుస్తున్నాడు. రెండేళ్ళకోసారి పిల్లల ముఖం చూసి పోతాడు. ఆయన పైసలతో చదువుకుంటూ ఆయన విమానం ఎక్కినందుకు లెక్క రాస్తదా ఈ పిల్ల?" అన్నారు. ఆయన గొంతులో కోపం కన్న నొప్పి ఎక్కువగా వినిపించింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల్లో గల్ఫుకు మనిషిని పంపని వాడకట్టు లేదు. ఆ నొప్పి మన ఇళ్ళన్నిటిలోనూ ఉన్నదే.

మేము ఆ అమ్మాయిని పిలిచి చెప్పాము: "బేటీ, నువ్వు రాసిన అంకె తప్పు కాదు. దానిని చెరపవద్దు. కాని నీ పుస్తకంలో ఒక గడి తక్కువైంది. ప్రతి పద్దు పక్కన ఇది జరూరతా, ఇస్రాఫా అని రాయి. అవసరానికి ఖర్చయినది ఒకటి, వృథాగా పోయినది మరొకటి. రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. మీ చాచా ప్రయాణం జరూరత్. దానికి ఎవరూ ఆయనను నిలదీయరాదు."

తండ్రి ముఖం తేటపడింది. అమ్మాయి మాత్రం కలం తీసి గడి గీస్తూ, "మౌల్సాబ్, అయితే మీ వుజూ ఏ గడిలో రాయాలి?" అన్నది.

మేము నిర్ఘాంతపోయాము. పుస్తకంలో నీళ్ళ పుట తీసి చూపించింది. తన ఇంటివారి వుజూలతోపాటు, 'మౌల్సాబ్ - జొహర్ వుజూ - నల్లా తెరిచి ఉన్నది రెండు నిమిషాలు' అని ఒక పద్దు ఉంది.

ఆ రాత్రి ఇషా వుజూకు మేము నల్లా కింద బకెట్ పెట్టి చూశాము. పదకొండు లీటర్ల నీళ్ళు పట్టాయి. ముఖం కడుక్కుంటున్నప్పుడు, తల మీద మసహ్ చేస్తున్నప్పుడు, చివరకు పక్కవారితో ఒక మాట మాట్లాడుతున్నప్పుడు కూడా నల్లా పారుతూనే ఉంటున్నదని అప్పుడు తెలిసింది. మరునాడు ఫజర్‌కు లోటాతో వుజూ చేశాము. లీటరున్నర సరిపోయింది. అయిదు పూటలకు 55 లీటర్లు ఎక్కడ, ఏడున్నర లీటర్లు ఎక్కడ! ఏడాదికి ఒక్క మనిషి దగ్గరే 17 వేల లీటర్ల తేడా. ఆ నీళ్ళను బోరు నుంచి పైకి తోడడానికి కాలే కరెంటు అదనం.

దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. అది లీటరుకు మించని కొలత. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా వుజూలో నీళ్ళు వృథా చేయరాదని ఇబ్నె మాజా గ్రంథంలో ఒక ఉల్లేఖనం ఉంది. ఈ మాటలను మేము ముప్పై ఏళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నాము. మా నల్లా మాత్రం ఎన్నడూ కట్టలేదు. దానిని మా కంటికి చూపింది తొమ్మిదో తరగతి పిల్ల. ఆమె పుస్తకంలో మా పద్దు పక్కన మేమే మా చేతితో 'ఇస్రాఫ్' అని రాసి ఇచ్చాము.

ఆపా పెళ్ళి ఏ గడిలో?

కథ అక్కడితో ఆగలేదు. వారం తర్వాత తండ్రీ కూతురూ కలిసి వచ్చారు. పెద్దమ్మాయి నికాహ్ కుదిరింది. ఆరు వందల మందికి దావత్. బగారా అన్నం, మటన్, దాల్చా, ఖుబానీ కా మీఠా. అందరికీ కాగితపు ప్లేట్లు, నీళ్ళ సీసాలు. పిల్ల అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆపా పెళ్ళి జరూరతే. మరి దావత్‌లో పారపోసేది ఏ గడిలో రాయాలి?"

మేము కాగితం తీసుకొని లెక్క వేశాము. ఒక్కొక్కరు తమ ప్లేటులో రెండు ముద్దలు, అంటే ఒక 60 గ్రాముల అన్నం, వదిలేశారనుకుందాం. ఆరు వందల మందికి 36 కిలోల అన్నం. వండక ముందు అది 12 కిలోల బియ్యం. కిలో బియ్యం పండడానికి సుమారు రెండున్నర వేల లీటర్ల నీరు కావాలి. కొన్ని పొలాల్లో ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే 30 వేల లీటర్ల నీరు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు, కుప్పతొట్టిలో పోసినట్టు! ఇది అన్నం మాట మాత్రమే, మాంసం లెక్క వేరే. నీళ్ళు నిలిచిన వరి మడి నుంచి మీథేన్ అనే వాయువు కూడా లేస్తుంది. అది కూడా భూమిని వేడెక్కించేదే. కాకతీయ కాలువ నీళ్ళ కోసం, బోరు కరెంటు కోసం మన రైతులు ఎన్ని రాత్రులు మేలుకొని పండించిన గింజలో మనకు తెలియనిది కాదు.

2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో నివేదిక ఇచ్చింది. అందులో అరవై శాతం వృథా అయింది హోటళ్ళలోనో, దుకాణాల్లోనో కాదు, ఇళ్ళలోనే.

తండ్రి అంతా విన్నారు. చివరకు, "అంతా నిజమే మౌల్సాబ్. కాని ఆడపిల్ల పెళ్ళి. తక్కువ పెట్టిండని ఎవరన్నా అంటే నా ఇజ్జత్ ఏం కావాలె?" అన్నారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే మా పెద్దమ్మాయి పెళ్ళిలో మేమూ ఇదే భయంతో ఒక దేగ్ ఎక్కువ వండించాము. అర్ధరాత్రి ఆ దేగ్‌ను షామియానా వెనుక గుంటలో ఒంపించాము. దావత్‌కు పిలవని పక్క గల్లీ పిల్లలు ఇద్దరు గోడ దగ్గర నిలబడి ఆ ఒంపడం చూస్తున్నారు. తెల్లవారేసరికి అక్కడ కుక్కలు ఉన్నాయి. ఆనాడు మాకు దక్కిన ఇజ్జత్ ఏమిటో ఈనాటికీ మాకు తెలియదు. ఈ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ తండ్రికి చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

దావత్ ఎలా జరిగింది?

పిలుపులు తగ్గించడానికి ఆయన ఒప్పుకోలేదు. బంధువులను వదులుకోలేము అన్నారు. అది ఆయన హక్కు. తక్కినవి కొన్ని మారాయి. మసీదు కమిటీ దగ్గర ఉన్న స్టీలు ప్లేట్లు, గ్లాసులు అద్దెకు తెచ్చారు. దస్తర్‌ఖాన్ వేసి, మొదట కొద్దిగా వడ్డించి, అడిగినవారికి మళ్ళీ మళ్ళీ పెట్టడానికి వాడకట్టు కుర్రవాళ్ళను నిలబెట్టారు. అన్నం ఒకేసారి దించకుండా, వచ్చిన మందిని చూసి చివరి దేగ్ పొయ్యి మీద పెట్టారు. మిగులుతుందని తెలియగానే వేడి వేడిగా ఉండగానే పక్క గల్లీకి పంపారు. చల్లారి, పులిసి, ఎవరికీ పనికిరాని స్థితి వచ్చాక పంచితే అది దానం కాదు కదా! వరుని వైపు వారికి మాత్రం నీళ్ళ సీసాలు పెట్టక తప్పలేదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసుల వంటి వాటిని మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు గాని, నీళ్ళ సీసాలు ఆ జాబితాలో లేవు. ఆ సీసాలను అమ్మాయి తమ్ముడు గోనెలో ఏరి పాత సామాను కొనేవారికి ఇచ్చాడు.

చివరకు ప్లేట్లలో వదిలిన ఎంగిలి రెండు బకెట్లు అయింది. మా వాడకట్టు దావత్‌లలో మేము అంత తక్కువ ఎన్నడూ చూడలేదు. అన్నం బాగుందనీ, వడ్డన మర్యాదగా ఉందనీ పెద్దలు మెచ్చుకున్నారు. ఇజ్జత్ ఎక్కడికీ పోలేదు.

అయితే ఆ అమ్మాయి మరో పద్దు కూడా రాసింది. 'స్టీలు ప్లేట్లు కడగడానికి నీళ్ళు - 800 లీటర్లు.' తన వాదానికి ఎదురుగా వచ్చే అంకెను కూడా దాచలేదు. కొళాయి కింద కాకుండా తొట్లలో ముంచి కడిగితే నీళ్ళు ఇంకా తగ్గేవని పక్కన రాసుకొంది. లెక్క రాయడంలో ఈ నిజాయితీయే మాకు అన్నిటికంటే నచ్చింది.

రామగుండం పొగ మాటేమిటి?

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక కుర్రవాడు లేచి అడిగాడు: "మేము ఒక బల్బు ఆర్పితే రామగుండం పొగ ఆగుతుందా సార్?" న్యాయమైన ప్రశ్న. రామగుండంలో ఎన్.టి.పి.సి. పాత కేంద్రం సామర్థ్యమే 2,600 మెగావాట్లు. సింగరేణి బొగ్గు అక్కడ రాత్రీ పగలూ మండుతూ ఉంటుంది. ఒక ఇంటి లెక్క దాని ముందు చీమంత. పైగా 2000 దశకంలో మనిషి మనిషికీ 'నీ కార్బన్ పాదముద్ర ఎంతో చూసుకో' అని ప్రచారం చేసినవారిలో బ్రిటిష్ పెట్రోలియం అనే చమురు కంపెనీయే ముందుంది. తాము తవ్వి అమ్మేదాని లెక్క పక్కన పెట్టి కొనేవాడి లెక్క అడగడం న్యాయమేనా అని ఎందరో విమర్శించారు. ఆ విమర్శలో నిజం ఉంది. కంపెనీలనూ ప్రభుత్వాలనూ అడగవలసినది అడగాలి. సూర్యరశ్మితో కరెంటు, వేళకు వచ్చే బస్సులు, చెరువుల రక్షణ కోరాలి.

కాని తన చిట్టా రాసుకున్నవాడు అడిగితే ఆ అడగడానికి బలం ఉంటుంది. ఉర్దూలో దీనినే ముహాసబా అంటాము. రాత్రి పడుకొనే ముందు తన దినమంతటినీ తానే తూచి చూసుకోవడం. అది ఎదుటివారి తప్పులు ఎంచే పుస్తకం కాదు. పొరుగింటి ఎ.సి.ని, గల్ఫు తమ్ముడి విమానాన్ని లెక్కపెట్టి తన నల్లా మరచిపోతే ఆ పాదముద్ర పుస్తకం చాడీల పుస్తకం అవుతుంది.

మన ఇళ్ళలో చేయదగిన పని

పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒక్క నెల ఈ లెక్క రాయించి చూడండి. కరెంటు బిల్లు మీద యూనిట్లు చూసి 0.7తో హెచ్చవేయాలి. గ్యాసు బండ మీద అది మొదలుపెట్టిన తేదీ సుద్దతో రాయాలి. పెట్రోలు లీటర్లు 2.3తో, డీజిలైతే 2.7తో హెచ్చవేయాలి. వుజూ నల్లా కింద ఒక్కసారి బకెట్ పెట్టి చూడాలి. రాత్రి పారవేసే అన్నాన్ని ఒక గిన్నెలో వేసి తూచాలి. ప్రతి పద్దు పక్కన జరూరత్ అనో, ఇస్రాఫ్ అనో ఇంటివారంతా కలిసి రాయాలి. పిల్లలు పెద్దల పద్దు చెప్పినప్పుడు పెద్దలు కోపగించుకోకూడదు. నేర్పవలసినవారు ఒక్కొక్కసారి నేర్చుకోవలసి వస్తుంది.

మసీదుల్లో జుమా నాడు వంద మంది వుజూలో తొమ్మిదేసి లీటర్లు మిగిల్చినా తొమ్మిది వందల లీటర్లు. వుజూ నీరు మురికి కాలువలో కలవకుండా నాలుగు జామ, నిమ్మ మొక్కలకు మళ్ళించవచ్చు. కమిటీల పెద్దలు ఆలోచించాలి.

2007లో అహమ్మదాబాదులో జరిగిన అంతర్జాతీయ పర్యావరణ విద్యా సదస్సులో అక్కడి పర్యావరణ విద్యా కేంద్రం పాదముద్రకు జోడుగా 'చేతిముద్ర' అనే భావనను ముందుకు తెచ్చింది. పాదముద్ర మనం చేసే భారాన్ని చెబుతుంది, చేతిముద్ర మనం చేసే మేలును చెబుతుంది. దానికి గుర్తుగా తీసుకున్నది హైదరాబాదు బడిలో చదివే పదేళ్ళ బాలిక అరచేతి ముద్ర. ఈ సంగతి చెప్పగానే మా విద్యార్థిని తన నోటుబుక్కు చివరి పుటలో అరచేయి పెట్టి చుట్టూ గీత గీసింది. ఆపా పెళ్ళి గోరింటాకు ఆ చేతి మీద ఇంకా ఎర్రగానే ఉంది.

ఆమె తండ్రి ఇప్పుడు ఆ పుస్తకాన్ని దుకాణంలో కొలతల పుస్తకం పక్కనే పెట్టుకున్నారు. చాచా పద్దు అలాగే ఉంది, చెరపలేదు. పక్కన 'జరూరత్' అని ఉంది. దాని కింద తండ్రి తన చేతితో మరో మాట చేర్చారు: 'అల్లాహ్ అతనిని క్షేమంగా ఉంచుగాక.'

మా వుజూ పద్దు పక్కన ఇంకా 'ఇస్రాఫ్' అనే ఉంది. లోటా అలవాటైందని చెప్పాము. నల్లా దగ్గర మళ్ళీ ఒకసారి నిలబడి చూశాకే మారుస్తానని ఆ అమ్మాయి అన్నది. అదే న్యాయం.